ఐస్ డాన్స్: పార్ట్‌నర్ కంటే ముందు టెస్టులు

ప్రశ్న: మేం మిషిగన్‌లోని నోవైలో ఉంటాం. మా పాపకు పన్నెండేళ్లు. హైదరాబాద్‌లో పుట్టింది. నాలుగేళ్లుగా ఫిగర్ స్కేటింగ్ సింగిల్స్ నేర్చుకుంటోంది కానీ ఏడాదికి పైగా డబుల్ జంప్‌ల దగ్గరే ఆగిపోయింది. దాని ఎడ్జ్‌లు (బ్లేడ్ అంచు మీద వంపుగా సాగడం), సంగీతం మీద పట్టు చూసి, పెద్ద జంప్‌లు లేకుండా జంటగా చేసే ఐస్ డాన్స్‌కి మార్చమని కోచ్ అంటున్నారు. ఒహాయోలో పదిహేనేళ్ల అబ్బాయి ఒకరు పార్ట్‌నర్ కోసం చూస్తున్నారట. వచ్చే నెల ట్రైఅవుట్‌కి (జోడీ కుదురుతుందో లేదో కలిసి స్కేట్ చేసి చూడటానికి) రమ్మని వాళ్లింటి నుంచి మెయిల్ వచ్చింది. మావారు హెచ్-1బి మీద ఉన్నారు, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాం. ఊళ్లో మా అత్తయ్యగారు "ఐసు మీద డాన్సులంటూ చదువు పాడుచేయకండి" అంటున్నారు. ఇందులో అసలు బతుకుతెరువు ఉందా? ఖర్చెంత? ఆ అబ్బాయి వాళ్లకి ఏం జవాబివ్వాలి?
— ఒక తల్లి

సమాధానం:

ఐస్ డాన్స్‌కి మార్చండి. ట్రైఅవుట్‌కి మాత్రం తొందరపడకండి. ఈ రెండూ వేరువేరు నిర్ణయాలు. చాలామంది తల్లిదండ్రులు వీటిని ఒకటిగా కలిపేసుకుని ఇబ్బంది పడతారు. పార్ట్‌నర్ దొరకడం, నిలవడం మీ చేతిలో లేని విషయం. ప్యాటర్న్ డాన్స్ టెస్టులు, అంటే ముందే నిర్ణయించిన అడుగుల వరుసల మీద పెట్టే పరీక్షలు, మాత్రం పూర్తిగా మీ పాప చేతిలో ఉన్నాయి. రేపు పతకాలు వచ్చినా రాకపోయినా ఆమెకు పని దొరికేది ఆ టెస్టుల వల్లే.

ముందు అత్తయ్యగారి సందేహం. బహుమతి డబ్బుతో బతికే ఐస్ డాన్సర్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంతమందే. గ్రాండ్ ప్రి అనే పెద్ద అంతర్జాతీయ సిరీస్‌లో ఒక పోటీ గెలిచిన జంటకు కొన్నేళ్లుగా ఇస్తున్నది 18,000 డాలర్లు. దాన్ని ఇద్దరూ పంచుకోవాలి, అందులోంచే కోచ్‌ల బిల్లులూ కట్టాలి. ఆ స్థాయికి చేరేది ఏటా కొన్ని జంటలే. అందుకే పోటీల కాలాన్ని సంపాదన కాలంగా లెక్కవేయకండి. అది చదువు లాంటిది, డబ్బు పెట్టే కాలం. సంపాదన ఆ తర్వాత వస్తుంది: కోచింగ్, కొరియోగ్రఫీ, ఐస్ షోలు, రింక్ ఉన్న క్రూయిజ్ షిప్పుల్లో ప్రదర్శనలు, హాకీ పిల్లలకు స్కేటింగ్ నేర్పే క్లాసులు. వీటన్నిటిలో స్థిరమైనది కోచింగ్. అమెరికాలో కోచ్‌లు గంటకు సుమారు 60 నుంచి 150 డాలర్ల దాకా తీసుకుంటారు. పాఠాలు పదిహేను, ఇరవై, ముప్పై నిమిషాల ముక్కలుగా ఉంటాయి. ఈ టెస్టుల్లో పై మెట్టయిన గోల్డ్ పాసైన కోచ్‌కి జంప్‌లు చేసే పిల్లలు కూడా వస్తారు, ఎందుకంటే ఎడ్జ్‌లూ టర్న్‌లూ అందరికీ కావాలి. షోల కంపెనీలు మామూలుగా పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లనే తీసుకుంటాయి. జీతం కాంట్రాక్టు ఉన్నన్నాళ్లే.

చదువు పోవాల్సిన అవసరమూ లేదు. 2014 సోచి ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన మెరిల్ డేవిస్, చార్లీ వైట్ మీ రాష్ట్రం వాళ్లే. పోటీల్లో ఉంటూనే యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో చదివారు. అయితే ఫిగర్ స్కేటింగ్‌కి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) గుర్తింపు లేదు. టెన్నిస్‌లోలాగా స్కేటింగ్ చూసి కాలేజీ ఫీజు మాఫీ చేస్తారన్న ఆశతో లెక్కలు వేసుకోకండి. ఉదయం ఐసు, మధ్యాహ్నం స్కూలు అన్న క్రమం ఎనిమిదో తరగతి దాకా నడుస్తుంది. హైస్కూల్లో ఆన్‌లైన్ కోర్సులు ఒకటి రెండు కలుపుకుంటే సరిపోతుంది. పన్నెండేళ్లకే పూర్తి హోమ్‌స్కూలింగ్ అని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఒప్పుకోకండి.

వయసు విషయంలో మీకు టైం ఉంది. అంతర్జాతీయ జూనియర్ పోటీలకు సీజన్‌కి ముందు జులై 1 నాటికి 13 ఏళ్లు నిండాలి. సీనియర్‌కి కనీస వయసు ఇదివరకు 15. దాన్ని దశలవారీగా పెంచి 2024-25 సీజన్ నుంచి 17 చేశారు. అంటే సీనియర్ మెట్టెక్కడానికి మీ పాపకు ఇంకా ఐదేళ్లు ఉంది. కెనడా ఒలింపిక్ ఛాంపియన్లు టెస్సా వర్చ్యూ, స్కాట్ మోయిర్ 1997లో ఏడేళ్లకూ తొమ్మిదేళ్లకూ జత కట్టిన మాట నిజమే. దాన్ని చూపించి "ఇప్పటికే ఆలస్యమైంది" అనేవాళ్లుంటారు. అమెరికా జంట మాడిసన్ చాక్, ఇవాన్ బేట్స్‌ని కూడా చూడండి. ఇద్దరూ వేరే పార్ట్‌నర్లతో జూనియర్ ప్రపంచ ఛాంపియన్లయ్యాక 2011లో కలిశారు. 2023, 2024, 2025 వరుసగా మూడేళ్లు ప్రపంచ టైటిల్ గెలిచారు. ఎవరి బేసిక్స్ వాళ్లు గట్టిగా తెచ్చుకున్నారు కాబట్టే ఆ కలయిక నిలిచింది.

ఇక టెస్టులు. అమెరికాలో ప్యాటర్న్ డాన్స్ టెస్టులు ప్రిలిమినరీ, ప్రీ-బ్రాంజ్, బ్రాంజ్, ప్రీ-సిల్వర్, సిల్వర్, ప్రీ-గోల్డ్, గోల్డ్ అని ఏడు మెట్లు. మొదటి ఐదింట్లో మూడేసి డాన్సులు, చివరి రెండింట్లో నాలుగేసి, మొత్తం 23. డచ్ వాల్ట్జ్, కనాస్టా టాంగో, రిథమ్ బ్లూస్‌తో మొదలై వియన్నీస్ వాల్ట్జ్, వెస్ట్‌మిన్‌స్టర్ వాల్ట్జ్, క్విక్‌స్టెప్, ఆర్జెంటీన్ టాంగోతో ముగుస్తాయి. కోచే పార్ట్‌నర్‌గా నిలబడి టెస్టు ఇప్పించవచ్చు. సోలో దారి కూడా ఉంది, సోలో డాన్స్‌కి విడిగా పోటీలూ ఉన్నాయి. సింగిల్స్ నుంచి వచ్చిన పిల్ల మొదటి రెండు మెట్లు కొద్ది నెలల్లో దాటేస్తుంది. ప్రీ-సిల్వర్‌లో ఫోర్టీన్‌స్టెప్, యూరోపియన్ వాల్ట్జ్ దగ్గర అందరూ నెమ్మదిస్తారు. అక్కడ మూడు నాలుగు నెలలు ఆగినా కంగారు పడకండి. అసలు ఐస్ డాన్స్ మొదలయ్యేది అక్కడే.

అక్కడ ఆగడానికి కారణాలు దాదాపు అందరికీ ఒకటే. మొదటిది తోపు. జంప్‌లకు అలవాటు పడ్డ పిల్లలు కదిలేటప్పుడు టో పిక్‌తో (బ్లేడ్ ముందు కొనలో ఉండే పళ్లతో) తోస్తారు. ఐసు మీద చిన్న గీరు శబ్దం వినిపిస్తుంది. డాన్స్‌లో తోపు బ్లేడ్ పక్క అంచుతో, పాదం ఒంటి కిందకు వచ్చాకే రావాలి. రెండోది మోకాలు. సంగీతం వేగం పెరగ్గానే మోకాలు నిటారు చేసేస్తారు, దాంతో ఎడ్జ్ చదునైపోయి వంపు గీత కాస్తా సరళరేఖ అవుతుంది. మూడోది తాళం. డచ్ వాల్ట్జ్ నిమిషానికి 138 బీట్లు, స్టార్‌లైట్ వాల్ట్జ్ 174. పిల్లలు బీట్ విన్నాక అడుగు వేయడం మొదలుపెడతారు, అప్పటికే ఆలస్యం. బీట్ పడే క్షణానికి బరువు కొత్త పాదం మీదకు పూర్తిగా వచ్చేసి ఉండాలి. ఇంట్లో మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని, చెప్పులు లేకుండా, రోజూ పది నిమిషాలు అడుగులు నడిపించండి. ఖర్చు లేని సాధన ఇది, ఫలితం నెలలోనే తెలుస్తుంది.

కూచిపూడి గానీ భరతనాట్యం గానీ నేర్చుకుని ఉంటే తాళం, అరమండిలో కూర్చునే బలం, చూపు బాగా అక్కరకొస్తాయి. ఒక్క జాగ్రత్త ఉంది. నాట్యంలో పాదం నేలను గట్టిగా తట్టాలి, ఇక్కడ పాదం చప్పుడు లేకుండా ఐసు మీదకు దిగాలి. రెండూ ఒకే రోజు సాధన చేస్తే మొదట్లో కాళ్లు తికమకపడతాయి. వేరువేరు రోజులు పెట్టుకోండి, నాట్యాన్ని మాన్పించకండి. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో డేవిస్, వైట్ జంట భారతీయ నృత్యం ఆధారంగా చేసిన ఒరిజినల్ డాన్స్ (అప్పటి పోటీలో ఒక భాగం) ఇప్పటికీ చూడదగ్గది. చేతులు, తల ఎక్కడ ఆగుతున్నాయో పాపకు చూపించండి.

ట్విజిల్ గురించి వేరేగా చెప్పాలి, ఎందుకంటే పోటీల్లో ఎక్కువ మార్కులు జారిపోయేది ఇక్కడే. ఒంటికాలి మీద ముందుకు సాగుతూ ఆగకుండా తిరగడం ట్విజిల్. మధ్యలో ఏమాత్రం ఆగినా అది వరుస త్రీ టర్న్‌లుగా (మామూలు ఒంటికాలి మలుపులుగా) మారి, కష్టాన్ని బట్టి ఇచ్చే లెవెల్ పడిపోతుంది. బరువు మడమ వైపు పోవడం, మొదటి తిప్పుకే భుజాలు ముందు వెళ్లిపోవడం సాధారణంగా కనిపించే తప్పులు. పాదం ముందు భాగం మీద నిలబడి, రెండు కాళ్ల మీదా, రెండు వైపులకూ నేర్చుకోవాలి. సింగిల్స్ పిల్లలు తాము జంప్ చేసే వైపుకే తిరగగలుగుతారు. రెండో వైపు ఇప్పటి నుంచే మొదలుపెడితే ట్రైఅవుట్ నాటికి ఆమెను ప్రత్యేకంగా గుర్తిస్తారు.

సామాను మార్చడంలో బ్లేడ్ ముందు, బూటు తర్వాత. డాన్స్ బ్లేడ్ వెనక భాగం సింగిల్స్ బ్లేడ్ కన్నా సుమారు అంగుళం పొట్టిగా ఉంటుంది. దగ్గరి హోల్డ్‌లో, అంటే ఒకరినొకరు దగ్గరగా పట్టుకుని స్కేట్ చేసేటప్పుడు, ఇద్దరి బ్లేడ్లు తగిలి పడిపోకుండా ఉండటానికే అది. హాలో, అంటే బ్లేడ్ అడుగున ఉండే గాడి, కాస్త తక్కువ లోతు ఉంటే జారుడు బాగుంటుంది. మరీ తక్కువైతే లోతైన ఎడ్జ్ మీద పక్కకు జారిపోతుంది. అర అంగుళం వ్యాసార్థం ఉన్న గాడితో (ఇది లోతు కాదు, గాడి వంపు కొలత) మొదలుపెట్టి, అలవాటయ్యాక కోచ్‌ని అడిగి మార్చండి. సాన 20-30 గంటల ఐసుకి ఒకసారి, ఎప్పుడూ ఒకే మనిషి చేత పట్టించండి. డబుల్ జంప్‌ల కోసం కొన్న గట్టి బూటులో చీలమండ వంగదు, మోకాలూ వంగదు. అయినా కాలు పెరిగే వయసు కాబట్టి పాత బూటు బిగుతయ్యేదాకా వాడించి, కొత్తది డాన్స్ రకం తీసుకోండి.

ఖర్చు లెక్క మీ రింక్ రేట్లతో మీరే వేసుకోవచ్చు. సోలోగా ఉన్నంతకాలం, వారానికి ఎనిమిది గంటల ఐసు గంటకు 15 డాలర్ల చొప్పున 120, రెండు గంటల ప్రైవేటు పాఠం గంటకు 110 చొప్పున 220, బాలే లేదా బాల్‌రూమ్ క్లాసు 40. మొత్తం వారానికి 380. ఏడాదికి 46 వారాలనుకుంటే సుమారు 17,500 డాలర్లు. టెస్టు ఫీజులు, సాన, ఒకటి రెండు పోటీలు కలిపి 20,000 అనుకోండి. జంటగా మారాక ఐసు పన్నెండు గంటలకు, పాఠాలు నాలుగైదు గంటలకు పెరుగుతాయి. పోటీలో రెండు భాగాలైన రిథమ్ డాన్స్‌కి, ఫ్రీ డాన్స్‌కి రెండు కొరియోగ్రఫీలు, రెండు డ్రెస్సులు, ప్రయాణాలు, హోటళ్లు వచ్చి చేరతాయి. పాఠాల ఫీజు ఇద్దరూ సగం సగం పంచుకున్నా 35,000 నుంచి 45,000 దాకా పోతుంది. సగానికి సగం అనే పద్ధతి అన్ని జంటల్లోనూ ఉండదు. ఐస్ డాన్స్‌లో అమ్మాయిలు ఎక్కువ, అబ్బాయిలు తక్కువ. అందుకని అబ్బాయి ఖర్చు కూడా అమ్మాయి వాళ్లే పెట్టుకునే అలవాటు ఈ ఆటలో ఉంది. అది మీ స్తోమతకు మించితే మొదటి మాటలోనే చెప్పేయండి, మొహమాటపడకండి.

మీకో పెద్ద అనుకూలత ఉంది. కాంటన్‌లో 2022లో మాజీ ఐస్ డాన్సర్లు చార్లీ వైట్, టానిత్ బెల్బిన్ వైట్, గ్రెగ్ జూర్లైన్ మొదలుపెట్టిన మిషిగన్ ఐస్ డాన్స్ అకాడమీ మీ ఇంటి నుంచి అరగంట డ్రైవ్. దేశంలో చాలా కుటుంబాలు ఇలాంటి చోటు కోసం ఇల్లే మారతాయి. కాబట్టి పార్ట్‌నర్ ఎవరైనా ఇల్లు మారాల్సింది మీరు కాదు. ఈ మాట మీద గట్టిగా ఉండండి.

వీసా సంగతి మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాశారు కానీ పాప కెరీర్‌ని మలుపు తిప్పేది ఇదే. ప్రపంచ ఛాంపియన్‌షిప్, గ్రాండ్ ప్రి లాంటి ఐఎస్‌యూ (అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్) పోటీల్లో జంటలో ఒకరికి ఆ దేశ పౌరసత్వం ఉంటే చాలు. ఒలింపిక్స్‌కి ఇద్దరికీ ఉండాలి. టానిత్ బెల్బిన్ కెనడాలో పుట్టారు. బెన్ అగోస్టోతో అమెరికా తరఫున ప్రపంచ పోటీలు ఆడుతూనే పౌరసత్వం కోసం ఎదురుచూశారు. 2005 డిసెంబర్ చివర్లో కాంగ్రెస్ చేసిన చట్టం వల్ల అది దక్కి, 2006 టొరినోలో రజతం గెలిచారు. అలాంటి చట్టం అందరి కోసం రాదు. మీ ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరుసలో మీ చోటు చెప్పే తేదీ) ఎక్కడుందో, పాపకు 21 నిండేలోపు నంబర్ వస్తుందో లేదో ఇమిగ్రేషన్ లాయర్‌తో ఇప్పుడే మాట్లాడండి. హెచ్-1బి వాళ్ల కుటుంబానికి ఇచ్చే హెచ్-4 వీసా మీద పిల్లలకు పని చేసే అనుమతి రాదు. పదిహేను పదహారేళ్లకు రింక్‌లో చిన్నపిల్లలకు నేర్పి కొంత సంపాదించడం ఇక్కడి స్కేటర్లకు మామూలే. మీ పాప గ్రీన్‌కార్డు గానీ పని అనుమతి గానీ వచ్చేదాకా జీతం తీసుకుని నేర్పకూడదు. ఎవరైనా చేతికి డబ్బిస్తామన్నా వద్దనండి. బహుమతి డబ్బు తీసుకునే ముందు కూడా లాయర్‌ని అడగండి.

పాపది భారత పాస్‌పోర్టు కాబట్టి ఇండియా తరఫున ఆడే దారి కూడా ఉంది. ఐస్ స్కేటింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియాకి ఐఎస్‌యూ సభ్యత్వం ఉంది. అమెరికాలో పుట్టి, భారత పౌరసత్వం తీసుకుని సింగిల్స్ ఆడుతున్న తారా ప్రసాద్ ఉదాహరణ ఎదురుగానే ఉంది. ఆ దారిలో దేశంలోని పోటీ తక్కువ, కానీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి కావలసిన కనీస టెక్నికల్ స్కోరు అందరికీ ఒకటే. ఒక దేశం తరఫున అంతర్జాతీయ పోటీ ఆడాక మరో దేశానికి మారాలంటే పాత ఫెడరేషన్ అనుమతి, ఏడాది నిరీక్షణ తప్పవు. కాబట్టి మొదటి అంతర్జాతీయ పోటీకి ముందే ఆలోచించుకోవాలి, పన్నెండేళ్లకు అవసరం లేదు. ఈలోగా ఏ ఫారం మీదా సంతకం పెట్టకండి.

ఒంటి సంగతి క్లుప్తంగా. ఐస్ డాన్స్‌లో ఒక తిప్పుకి మించిన జంప్‌లు లేవు కాబట్టి గాయాలుండవనుకోవడం పొరపాటు. లోతైన మోకాలి వంపుతో పిక్కలు, ముంగాలి కండరాలు బిగుసుకుంటాయి. ఇదే బాధకు వర్చ్యూ 2008లో, మళ్లీ 2010లో శస్త్రచికిత్స చేయించుకున్నారు. తుంటి, నడుము నొప్పి రెండు వారాలు మించితే ఐసు ఆపించి స్పోర్ట్స్ డాక్టర్‌కి చూపించండి. లిఫ్ట్‌ల (పార్ట్‌నర్ అమ్మాయిని పైకెత్తడం) పేరు చెప్పి బరువు తగ్గమనే కోచ్ దగ్గర పాపను ఉంచకండి. ఎదిగే వయసులో తిండి తగ్గితే నెలసరి ఆగుతుంది, ఎముక పలచబడుతుంది. ఆ నష్టం పూడ్చడం చాలా కష్టం.

ఇప్పుడు ఆ మెయిల్‌కి జవాబు. వద్దని రాయకండి, ఆరు నెలల తర్వాత వస్తామని రాయండి. ఈలోగా పాప ప్రీ-బ్రాంజ్ పూర్తిచేసి బ్రాంజ్ మొదలుపెడుతుంది, హోల్డ్‌లో కోచ్‌తో స్కేట్ చేయడం అలవాటవుతుంది. అప్పటికి ఆ అబ్బాయికి వేరే పార్ట్‌నర్ దొరికితే దొరకనివ్వండి. హోల్డ్ తెలియని పిల్లను ఇప్పుడు ట్రైఅవుట్‌కి తీసుకెళ్తే "ఇంకా సిద్ధంగా లేదు" అన్న మాట కోచ్‌ల మధ్య తిరుగుతుంది, అది చెరగడానికి ఏడాది పడుతుంది.

వెళ్లినప్పుడు రెండు రోజులు కేటాయించండి. మొదటి రోజు లిఫ్ట్‌లు వద్దు. క్రాసోవర్లు (కాలు మీదుగా కాలు వేస్తూ సాగడం), కిలియన్ హోల్డ్ (పక్కపక్కన), వాల్ట్జ్ హోల్డ్ (ఎదురెదురుగా), ఇద్దరికీ వచ్చిన రెండు ప్యాటర్న్‌లు చాలు. మీరు బారియర్ దగ్గర నిలబడి మూడు విషయాలు చూడండి. ఇద్దరి మోకాళ్లు ఒకే లోతుకు వంగుతున్నాయా, ఒకరు మరొకరిని లాక్కెళ్తున్నారా, తప్పు జరిగాక ఆ అబ్బాయి మొహం ఎలా ఉంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పాప ఇంకా ఎదుగుతుంది కాబట్టి ఇవాళ్టి ఎత్తు తేడా కన్నా రెండు వైపులా తల్లిదండ్రుల ఎత్తు చూస్తే అంచనా దొరుకుతుంది.

కుదిరితే మాట మీద వదిలేయకుండా కాగితం మీద రాసుకోండి. పాఠాల ఫీజు ఎవరెంత, కొరియోగ్రఫీ ఎవరెంత, పోటీకి కోచ్ ప్రయాణ ఖర్చు ఎలా పంచుకోవాలి, విడిపోవాలనుకుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి (అరవై రోజులు న్యాయం), మధ్యలో గాయమైతే ఎవరి ఖర్చు ఎవరిది. ఒక సీజన్‌కే రాసుకోండి, ఏటా మే నెలలో తిరిగి చూసుకోండి.

ఆ అబ్బాయికి మూడేళ్లలో పద్దెనిమిది నిండుతాయి, మీ పాపకు అప్పటికి పదిహేనే. అమెరికాలో క్రీడల్లో పిల్లల భద్రత కోసం పెట్టిన సేఫ్‌స్పోర్ట్ నియమాల ప్రకారం పెద్దవాళ్లు మైనర్ స్కేటర్‌తో ఒంటరిగా ఉంటే అది ఇతరులు చూడగలిగే, మధ్యలో రాగలిగే చోటే కావాలి. మెసేజ్‌లలో తల్లిదండ్రుల్ని కలపాలి. వయసు తేడా తక్కువున్న పార్ట్‌నర్‌కి కొన్ని మినహాయింపులు ఉండొచ్చు, అయినా మీరు ఇదే పద్ధతి పాటించండి. మొదటి రోజు నుంచే పాప, పార్ట్‌నర్, కోచ్, ఇరువైపుల తల్లిదండ్రులు అందరూ ఉన్న ఒకే గ్రూప్ పెట్టండి, స్కేటింగ్ మాటలన్నీ అందులోనే నడవాలని చెప్పండి. హోటల్ గదులు, కారు ప్రయాణాలు ఎవరితో అన్నది పైన చెప్పిన కాగితంలోనే రాయించండి. ఈ షరతులకు అటువాళ్లు నొచ్చుకుంటే ఆ జోడీ వద్దు, పాప సోలో డాన్స్‌లో తర్వాతి టెస్టుకి తేదీ తీసుకోండి.